అత్త కర్ర లేచే దాకా

మా మేనత్త ఇక లేదు. కుప్పంలో నర్సుగా పనిచేసే ఆమె కూతురు, నాకు మరదలు, ఆ వేకువన పుంగనూరులోని మా ఇంటికి ఫోను చేసింది. "బావా, అమ్మ నిద్దట్లోనే పాయనంట. ఊర్నించి ఇప్పుడే ఫోనొచ్చె. నేను బయల్దేరతాండాను. నువ్వు దగ్గిర గదా, ముందు పో. చిన్నాయనోళ్ళు అప్పుడే కట్టెలు తోలిస్తాండారంట" అన్నది. మొదటి మాటకు కన్నీరు రావలసింది. చివరి మాట దానిని రానీయలేదు. కండువా భుజాన వేసుకొని నేను బస్టాండుకు నడిచాను. డెబ్బై దాటిన కాళ్ళు ఎంత వేగంగా నడవగలవో అంత వేగంగా నడిచాను.

తనను కాల్చనీయరాదనీ, మట్టిలోనే పెట్టాలనీ అత్త నా చేత మాట తీసుకొని ఉన్నది. కొడుకులు లేని ఇంట చితికి నిప్పు పెట్టే అధికారం మా వైపు ఆచారం ప్రకారం మరిదికి చెందుతుంది. ఆ మరిది చేతి నిప్పు ఆమెకు వద్దు. ఆ చేయి పెట్టిన నిప్పును బ్రతికి ఉండగా ఒకసారి చూసింది. అది చాలునన్నది.

మదనపల్లెలో బస్సు మారి, హార్స్లీ హిల్స్ దిక్కున పోయి, కొండపాదంలోని ఆ ఊరి మలుపు దగ్గర దిగాను. దిగగానే ఎదురుగా ఫ్లెక్సీ. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు, అప్పటికే అచ్చు వేయించి కట్టేశారు. "శాంతమూర్తి, క్షమాగుణ సంపన్నురాలు, మా పెద్దవ్వకు అశ్రునివాళి" అని పెద్ద అక్షరాలు. కట్టించినది ఆ మరిది మనవడు. అత్త బొమ్మ పక్కనే, అంత పెద్దదిగానూ, చేతులు జోడించిన ఆ మరిది బొమ్మ.

ఆ రెండు విశేషణాలూ అబద్ధాలు. ఈ నాలుగు మాటలూ వ్రాయడానికి మొదటి కారణం అదే. మా అత్తకు శాంతం లేదు. క్షమ అసలే లేదు. ఆ రెండూ లేకుండానే ఆమె గొప్ప మనిషి. ఆమె మీద ప్రేమ ఉన్నవాళ్ళెవరూ ఆమెకు లేని గుణాలను ఆమె మెడలో దండగా వేయరాదు.

ఇంటి ముందు కట్టెలు దిగి ఉన్నాయి. వాటి పక్కన ఆ మరిది నిలబడి ఉన్నాడు. నేను చిన్నమామా అని పిలుస్తాను. అత్త కన్నా కొంచెమే చిన్నవాడు, ఒంగిపోయాడు, మెడకు తువ్వాలు చుట్టుకొని ఉంటాడు. మాట్లాడితే గొంతులో సగం మాట, సగం గాలి.

"కట్టెలు వెనక్కి పంపించు చిన్నమామా. అత్త మట్టి కోరింది" అన్నాను.

"యాలప్పా? మన వంశంలో ఎవురినీ పూడ్చలేదే."

"నీ చేతి అగ్గి వద్దనింది."

ఆయన తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకొని పక్కకు తొలగాడు. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఒక ముసలమ్మ ఏడుపు మధ్యలో ఆపి పక్కామెతో అన్నది: "సూస్తివా మే, సచ్చినా ఇడిసిపెట్టలా మరిదిని!" అంత దుఃఖంలోనూ ఇద్దరు ముగ్గురు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. అత్త విని ఉంటే ఆమె కూడా నవ్వి ఉండేది. పార పట్టుకొని వచ్చిన వాళ్ళకు చోటు చూపించి, మరదలు కుప్పం నుంచి రాగానే ఆమె చేతనే మొదటి పిడికెడు మట్టి వేయించాము.

ఇక ఆ నిప్పు సంగతి చెప్పాలి.

మా మామ, అంటే అత్త భర్త, పశువులు కాచే ఇంట పుట్టి పద్యం పాడినవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పౌరాణిక నాటకం కట్టారంటే మామ లేకుండా తెర లేచేది కాదు. రామసముద్రం వైపు నుంచి బండ్లు కట్టుకొని వచ్చి ఆయన పద్యం విని పోయేవారు. పగలు పొట్టి ఆవులను తోలుకొని కొండవాలుకు పోయి, అక్కడ బండల మీద కూర్చొని గొంతు సాధన చేసేవాడు. నాకు సీసం ఎక్కడ విరగాలో, మత్తేభం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో బడిలో ఎవరూ నేర్పలేదు. సెలవులకు పోయినప్పుడు ఆవుల వెనుక నడుస్తూ ఆయన నేర్పాడు. తరువాత నేను తెలుగు పండితుడినై పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పిన పద్యాలన్నీ ఆ గొంతులోనే నా చెవికి వినబడేవి.

ఆ రోజుల్లో వేసవి చివర కొండకు నిప్పు పెట్టడం ఊరి అలవాటు. ఎండిన బోదగడ్డి కాలిపోతే తొలకరికి లేతగడ్డి లేస్తుందని ఒక లెక్క. కొండ పొగకు మబ్బు దిగి వస్తుందని ఒక నమ్మకం. ప్రభుత్వం కూడదంటుంది, ఊరు మానదు. అయితే ఆ తప్పుడు పనికి కూడా ఒక కట్టుబాటు ఉండేది. నిప్పు పెట్టేవాడు ముందుగా ఊరి వెనుక ఉన్న కూతబండ ఎక్కి, "అగ్గొస్తాండాది... దిగి రాండప్పో!" అని గొంతెత్తి కూత వేయాలి. కూత విన్న తరువాత వాలు మీద మనిషి గాని గొడ్డు గాని ఉండరాదు. అందరూ దిగివచ్చారని చూసుకున్నాకే నిప్పు రాజేయాలి.

చిన్నమామకు గొర్రెల మంద ఉండేది. ఆ ఏడు గడ్డి త్వరగా కావాలనుకున్నాడు. ఆ పొద్దు ఫారెస్టువాళ్ళు పక్క ఊరిలో ఉన్నారని, కూత వేస్తే వింటారని, కూత వేయకుండా నిప్పు పెట్టాడు. అన్న అప్పటికే దిగివచ్చి ఉంటాడులే అనుకున్నాడట. అన్న దిగలేదు. ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవు ఒకటి పొదలలో ఆగిపోతే దాని కోసం వెనక్కి పోయాడు.

ఆవు రాలేదు. మామ వచ్చాడు. ఒంటి మీద పెద్ద గాయాలు లేవు. పొగ మాత్రం లోపలికి పోయింది. మదనపల్లెలో వైద్యం చేయించాము, ప్రాణం నిలిచింది, గొంతు నిలవలేదు. పద్యం అటుంచి, "నీళ్ళు" అన్న మాట కూడా పెదవుల కదలికను చూసి తెలుసుకోవలసి వచ్చేది. నాటకం వాళ్ళు ఒకసారి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్ళిపోయారు. అలా కొంతకాలం బ్రతికి, దగ్గుతూ దగ్గుతూ ఒక మధ్యాహ్నం పోయాడు. పోయేముందు నన్ను దగ్గరకు పిలిచి ఏదో పద్యం ఎత్తుకోబోయాడు. నోరు తెరుచుకున్నది, మెడ నరాలు ఉబ్బాయి, చేయి తాళం వేసింది. శబ్దం రాలేదు. అది ఏ పద్యమో నాకు ఇప్పటికీ తెలియదు. దానిని నేనూ క్షమించలేదు.

దినాలు అయ్యాక ఊరి పెద్దలు కూర్చున్నారు. అత్త తరపున మాట్లాడడానికి నేను పోయాను. నాకు ఆ పని పడలేదు, ఆమే మాట్లాడింది. మరిది వాటా పొలం ఇప్పిస్తామన్నారు. కాడెద్దులు ఇప్పిస్తామన్నారు. కేసు పెట్టుకుంటానంటే అడ్డం రామన్నారు.

"పొలం నాకెందుకప్పా? కేసు యాల? జైల్లో కూసుని కూడు తింటాడు" అన్నది అత్త. మరిది వైపు తిరిగింది. "నేను అడిగేది ఒగటే. అగ్గి అందురూ పెడ్తారు. నువ్వు కూత యాల ఎయ్యలేదు?"

"ఫారెస్టోళ్ళు ఇంటారని వదినా..."

"ఫారెస్టోళ్ళు ఇనకూడదని మీ అన్న ఇనకుండా సేస్తివి. సరే. ఆ పొద్దు ఎయ్యని కూత ఇప్పుడెయ్యి. పొద్దు గూకే ముందర బండెక్కి, అదే మాట, అంతే గట్టిగా. ఈ పొద్దు ఎయ్యి, రేపూ ఎయ్యి. నేను అరుగు మీద కూసుని ఇంటాంటాను."

పెద్దలలో ఒకాయన తల గోక్కున్నాడు. "ఎన్నాళ్ళమ్మా?"

"నా సెవి ఇనేంత కాలం."

అందరికీ అది తేలిక శిక్షగా తోచింది. నా పక్కన కూర్చున్నాయన "ఇంతేనా, నోరు నొచ్చే పనేగా" అని గొణిగాడు. చిన్నమామ ముఖంలో కూడా గండం గడిచిన వెలుగు కనబడింది. ఆ సాయంత్రమే బండెక్కి కూసాడు. ఆయనదీ మంచి గొంతే, అన్నదమ్ములు కదా.

మన కావ్యాలలో పగ తీర్చుకోవడానికి ఎన్ని ఏర్పాట్లు! దివ్యాస్త్రాలు, శపథాలు, విరబోసుకున్న జుట్టు, రక్తపు మడుగులు. చదివి చెప్పినవాడిని కనుక నాకు అవన్నీ తెలుసు. మా అత్త పగకు కావలసివచ్చినవి ఒక కొయ్యపీట, ఆకువక్క సంచి, చేతికర్ర. పొద్దు వాలుతుండగా ఇల్లు ఊడ్చి, ముఖం కడుక్కొని, పీట అరుగు మీదకు లాక్కొని కొండవైపు తిరిగి కూర్చునేది. సంగటి పొయ్యి మీద ఉన్నా సరే, చుట్టాలు వచ్చి ఉన్నా సరే. బండ మీద నుంచి అరుగు కనబడుతుంది. ఆయన కూసి, ఆమె వైపు చూస్తాడు. ఆమెకు వినబడితే కర్ర పైకెత్తుతుంది. ఎత్తకపోతే వినబడలేదని అర్థం. మళ్ళీ కూయాలి.

మొదట్లో ఒక్క కూతకే కర్ర లేచేది. జలుబు చేసిన రోజున గాని, ఎదురుగాలి వీచిన రోజున గాని మళ్ళీ కూయవలసి వచ్చేది. పెళ్ళికని గుడుపల్లెకు పోయిన రోజున కూడా చిన్నమామ పొద్దు వాలేసరికి బస్సు పట్టుకొని వచ్చి పడేవాడు. కొడుకు పెళ్ళిలో తాళి కట్టే వేళకు లేచిపోయాడని వియ్యంకులు ఎన్నాళ్ళో ఎత్తిపొడిచారు. ఎవరైనా ఆయనకు శిక్ష గుర్తు చేశారా అంటే లేదు. చేయవలసిన అవసరం లేకపోయింది. చుట్టుపక్కల పిల్లలకు ఆయన పేరు కూడా తెలియదు, కూతతాత అంటే తెలుస్తుంది.

ఒక వేసవిలో నాకు పండితుడి పైత్యం ఎక్కువై, అత్తను కూర్చోబెట్టి, క్షమను గురించి పెద్దలు చెప్పిన శ్లోకాలు వరుసగా చదివి, తాత్పర్యంతో సహా వినిపించాను. ఆకులో సున్నం రాస్తూ శ్రద్ధగానే విన్నది.

"బాగుండాది. రాగం సరింగా తియ్యలేదు గానీ, బాగుండాది. మీ మామైతే ఇంకా బాగా తీసుండును. ఆ మామ గొంతు యాడికి పాయనో కనుక్కోనిరా నాయనా, ఆమీదట క్షమ గురించి మాట్లాడుకుందాం."

తరువాత నేను ఆ ప్రస్తావన తేలేదు. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం కర్ర మూడవ కూతకు గాని లేవలేదు. నేను ఆమె పక్కనే కూర్చొని, మొదటి కూతనే స్పష్టంగా విని, ఊరక ఉన్నాను. ఆ ఊరక ఉండడంలో ఉన్న సంతోషం ఏ శ్లోకంలోనూ నాకు దొరకలేదు.

ఈ పగకు ఎవరూ అనుకోని ఫలం ఒకటి కలిగింది. కూత పడ్డాక వాలు మీద మనిషి ఉండరాదన్నది పాత కట్టుబాటు కదా. కూత దినమూ పడుతున్నది. నిజంగా నిప్పు పెడుతున్నారో, శిక్షకు కూస్తున్నాడో అన్న అనుమానం మొదట్లో ఉండేది, ఎందుకైనా మంచిదని పశువుల కాపరులు, కట్టెలకు పోయినవాళ్ళు అందరూ దిగివచ్చేవారు. తరువాత అది అలవాటైంది. దొంగతనంగా నిప్పు పెట్టాలనుకున్నవాడికి ఆ కూత వినగానే చేయి ఆడేది కాదు. నిప్పు పడని వాలు మీద మొదట తుప్పలు లేచాయి. వాటి నీడన నేరేళ్ళు, బిల్లుచెట్లు, సీతాఫలాలు లేచాయి. పొద్దు వాలాక మనిషి అలికిడి లేదు గనుక జింకలు దిగివచ్చాయి, నెమళ్ళు వచ్చాయి, రాళ్ళ సందులలో ఎలుగులు చేరాయి. వానలు ఆగగానే ఒట్టిపోయే కుంట ఒకటి ఎండాకాలం నడిమి దాకా నీళ్ళు నిలుపుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు అటవీశాఖవారు చూశారు. కంచె వేశారు, రక్షిత వనం అన్నారు, బాట వేసి, మంచె కట్టి, "నిశ్శబ్దం పాటించండి" అని పలక నిలబెట్టారు. హార్స్లీ హిల్స్‌కు వచ్చే జనంలో గోల ఇష్టం లేనివాళ్ళు ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. మదనపల్లె నుంచి, పుంగనూరు నుంచి, బెంగళూరు నుంచి కూడా. ఎండాకులు రాలే చప్పుడు వినబడేటంత నిశ్శబ్దం ఉంటుందక్కడ. ఆ నిశ్శబ్దం మధ్య ఒక సాయంత్రం హఠాత్తుగా "అగ్గొస్తాండాది, దిగి రాండప్పో" అని కూత. తెలుగు తెలిసిన ఒక బెంగళూరు కుటుంబం చెప్పులు వదిలేసి పరుగెత్తి, మదనపల్లె ఫైరింజనుకు ఫోను చేసింది. ఎర్రబండి గంట కొట్టుకుంటూ వచ్చింది. మా అత్త అంతగా నవ్వడం మామ పోయాక నేను చూడలేదు.

మరునాడు ఒక కుర్ర అధికారి ఆమె అరుగు దగ్గరకు వచ్చాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"అవ్వా, ఆ తాత కేకలు ఆపించండి. ఇది ప్రశాంతంగా ఉండాల్సిన ప్రాంతం."

"ఏం సారూ, ఈ పశాంతం మీరు లారీలో తోలినారా?" అన్నది అత్త. "ఆయప్ప నోట్లోంచి వచ్చిందిది. ఆయప్ప నోరు మూస్తే రేపు ఈడ గొర్లు, ఎల్లుండి అగ్గి. కూసుని రోంత మజ్జిగ తాగు."

అతడు మజ్జిగ త్రాగాడు, ఊరి వాళ్ళను అడిగాడు, అంతా విన్నాడు. కొన్నాళ్ళకు పలక మీద ఇంకొక వాక్యం చేరింది: "సాయంత్రపు కూత వినగానే సందర్శకులు వెలుపలికి రావలెను." అత్త దానిని నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నది. "ఇంగ గవర్మెంటు గూడా నాకు కాపలా కాస్తాండాది అల్లుడా" అని గర్వపడింది.

ఒకసారి ఆమెను ఆ వనంలోకి తీసుకొనిపోయాను. ఆ ఒక్కసారే ఆమె లోపలికి వచ్చింది. ఎప్పుడూ అరుగు మీద నుంచి చూసిన కొండ. కర్ర పొడుచుకుంటూ మెల్లగా నడిచింది. ఆవు ఆగిపోయిన చోటు ఆమెకు ఎలా గుర్తున్నదో గుర్తున్నది, అక్కడ నిలబడింది. దానిపైనే ఒక మోదుగ లేచి నిండా పూచి ఉన్నది, ఆకు లేదు, అంతా మంటరంగు. "ఈ సెట్టుకు ఇంకో రంగు దొరకలేదా?" అని విసుక్కున్నది. కాళ్ళ దగ్గరి పువ్వులను కర్రతో పక్కకు నెట్టింది. మంచె దగ్గర ఒక కొత్త జంట కూర్చొని ఉన్నారు. ముసలామెను చూసి ఆ పిల్ల మర్యాదగా జరిగి చోటిచ్చి, "ఎంత శాంతంగా ఉండాది గదవ్వా ఈడ" అన్నది.

"శాంతం గాదు తల్లీ. ఇది కోపం. బాగా సాకితే ఇట్ల పెరుగుతాది" అన్నది అత్త.

ఆ పిల్ల నవ్వింది. ముసలితనపు మాట అనుకొని ఉంటుంది. నేను మాత్రం చుట్టూ ఉన్న చెట్లను ఒక్కొక్కటిగా మళ్ళీ చూశాను. నలుగురు సేదతీరే ఆ నీడ ఒక మనిషి నిద్రపోనీయకుండా, చల్లారనీయకుండా కాపాడుకున్న పగ. దానికి నేను కృతజ్ఞుడిని. ఆమె క్షమించి ఉంటే అక్కడ ఇవాళ బండలు ఉండేవి.

క్రిందటి వేసవిలో ఆమెను మదనపల్లె ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచాము. మాట్లాడుతుంటే నా మాటలకు పొంతన లేని జవాబులు చెబుతున్నది. గట్టిగా అడిగాను. తల అడ్డంగా ఊపి, నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసి, తనే నా చెవిలో చెప్పింది.

"సెవులు పొయ్యి శానా కాలమాయ. ఎవురికీ సెప్పాకు."

నేను నిర్ఘాంతపోయాను. కూత? వ్రేళ్ళు కొండలాగా ఎత్తి, దాని మీద నోరు తెరిచినట్లు సైగ చేసి అడిగాను. ఆమె కళ్ళు మెరిశాయి. "బండ పక్కన ఏపసెట్టు మీద నెమిళ్ళుంటాయి గదా. ఆయప్ప కూస్తే అవి మెడ లేపుతాయి. అది సూసి కర్రెత్తుతాను. ఒగోసారి ఎత్తను."

పెద్దల ఎదుట ఆమె పెట్టుకున్న గడువు "నా సెవి ఇనేంత కాలం". ఆ మాట ప్రకారం చిన్నమామ శిక్ష ఏనాడో ముగిసింది. ఆ సంగతి ఆయనకు తెలియనీయకుండా, వినని చెవులకు ఆయన చేత కూయించింది. ఆ కూతలతోనే ఆయన గొంతు అరిగింది. అన్న గొంతు ఎంత పోయిందో తమ్ముడి గొంతు అంత పోయేదాకా ఆమె కర్రను లెక్కగా ఎత్తుతూ వచ్చింది. ధర్మం తెలిసినవాడిగా నేను ఆయనకు చెప్పవలసింది. చెప్పలేదు. చెప్పాలని కూడా అనిపించలేదు. ఇప్పుడు అచ్చులో చెబుతున్నాను. ఆయన మనవడు ఫ్లెక్సీలు చదవగలవాడు, ఇది కూడా చదివి వినిపిస్తాడు.

ఆసుపత్రి మంచం మీదనే తనను కాల్చొద్దని మాట తీసుకున్నది. ఆ చేతికర్రను నా చేతికి అందించి, "ఇది నీ దగ్గిరుండనీ. నీ సెవులు మంచియే గదా" అన్నది. ఇల్లు చేరాక వేరే కర్రతో గడిపింది. దానిని ఎత్తడమూ మానలేదు. చనిపోయే ముందటి సాయంత్రం కూడా ఎత్తిందని పొరుగువాళ్ళు చెప్పారు.

కర్మాంతరం నాటి సాయంత్రం, భోజనాలు అయి, జనం పలుచబడ్డాక చిన్నమామ వచ్చి అరుగు క్రింద నిలబడ్డాడు. మైల దినాలలో కూత వేయలేదు. ఆ దినాలలో కొండ మీద నుంచి సందర్శకులు పొద్దుపోయాక కూడా దిగిరావడం లేదని, కుంట దగ్గరకు జింకలు రావడం లేదని ఎవరో చెప్పుకుంటున్నారు. అత్త పీట మీద నేను కూర్చొని ఉన్నాను. కర్ర నా మోకాళ్ళ మీద ఉన్నది.

"అల్లుడా," అన్నాడు, గాలితో. "వదిన పాయ. వదిన సెవీ పాయ. పెద్దోళ్ళ ముందర ఆయమ్మ సెప్పిన మాట నువ్వూ ఇంటివి. ఇంగ నాది తీరినట్టేనా?"

నేను కొండవైపు చూశాను.

"ఒగ్గ పొద్దన్నా కూయకుండా, ఇంట్లో దీపం పెట్టేది సూసి సచ్చిపోవాలనుండాదప్పా."

నా వెనుక గడపలో మరదలు నిలబడి ఉన్నది. "ఇడిసిపెట్టు బావా. ఇంగ సాలు" అన్నది మెల్లగా. ఆమె తండ్రి గొంతు పోయేటప్పటికి ఆమె చిన్నపిల్ల. ఆ గొంతు ఎలా ఉండేదో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆ క్షణాన నేను నేర్చిన ధర్మమంతా ఆమె పక్షాననే నిలబడింది. నా కళ్ళ ముందు మాత్రం ఒక నోరు తెరుచుకొని ఉన్నది, చేయి తాళం వేస్తున్నది, పద్యం రావడం లేదు.

"నేను ఉండాను కదా వినడానికి. పొద్దు వాలుతున్నది చిన్నమామా, పో" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, మోకాళ్ళ మీది కర్రను చూశాడు. తువ్వాలు సర్దుకొని, ఇళ్ళ వెనుకగా, చేతులు నేలకు ఆనించుకుంటూ బండ ఎక్కాడు. ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఎర్రబడిన ఆకాశానికి ఎదురుగా నిలబడి నోరు తెరిచాడు. ఎండుటాకు మీద గాలి పోయినటువంటి ధ్వని ఒకటి వచ్చింది. అందులో కూత మాటలన్నీ ఉన్నాయి. నాకు వినబడ్డాయి. నా చెవులు మంచివే.

ఆయన తిరిగి అరుగు వైపు చూశాడు. కర్ర నా మోకాళ్ళ మీదనే ఉన్నది. వేపచెట్టు మీద నెమలి ఒకటి మెడ సగం ఎత్తి, ఆయన వైపు తిరిగి, అట్లే ఆగింది. చిన్నమామ తువ్వాలు మెడ నుంచి విప్పి చేత పట్టుకొని, రొమ్ము నిండా గాలి తీసుకున్నాడు.